రెండు మేకుల మధ్య గీత

సెలూనాయనకు ఆ పూట ప్రాణమంతా గోడ మీదే ఉంది. గోడకు కొత్త టైల్స్ అతికించారు. అద్దం కింద సీసాల షెల్ఫు బిగించాలంటే వాటికి రెండు బెజ్జాలు పెట్టాలి. గుర్తు తప్పి టైలు పగిలిందా, కొట్టు ఖాళీ చెయ్యమంటాడు ఇంటాయన. (ఆ ఇంటాయన సంగతి వేరే కథ, ఎత్తుకుంటే ఇవాళ తెమలదు.) అందుకే, సర్వే శాఖలో రిటైరైన బాబాయి గడ్డం గీయించుకోను వస్తే, కాస్త గుర్తులు పెట్టిపెట్టమని అడిగాడు.

చెంపల నిండా నురగతోనే బాబాయి అందుకున్నాడు.

"రెండు బిందువులేగా, చిటికెలో పని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొలంలో రెండు కర్రలు పాతారు. పొలం మూల నుంచి తూర్పుకి రెండు గజాలు, ఉత్తరానికి మూడు, అదొకటి. తూర్పుకి ఆరు, ఉత్తరానికి పదకొండు, అది రెండోది. ఆఫీసరు కొలిచే గొలుసు తెమ్మన్నాడు. గొలుసెందుకండీ అన్నాను. ఉత్తరానికి ఎనిమిది పెరిగింది, తూర్పుకి నాలుగు. భాగిస్తే రెండు, అదే వాలు. మొదటి కర్ర దగ్గర తూర్పు రెండు, రెట్టింపు చేస్తే నాలుగు. ఉన్నది మూడేగా, ఒకటి తీసెయ్యి. వై ఈక్వల్ టు టూ ఎక్స్ మైనస్ వన్. ఆఫీసరు తెరిచిన నోరు ఇప్పటికీ మూయలేదు."

"ఆయన పోయారన్నావుగా మొన్న," అన్నాడు పక్కకొట్టు దర్జీ.

"తెరుచుకునే పోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సమీకరణం దొరికాక గీత మన మాట వింటుందా? పొలం దాటేసింది. కొండ అడ్డొస్తే లెక్క చూపించాను, అదే పక్కకి జరిగింది. సముద్రంలో దిగింది. దారి తప్పిన ఓడలవాళ్ళు దాన్ని పట్టుకుని ఒడ్డుకొచ్చేవాళ్ళు."

"తడిసి తెగలేదా?"

"గీతయ్యా అది, నీ దారం కాదు. పొద్దుగూకేసరికి భూమంతా చుట్టేసి, వెనక నుంచి వచ్చి నా వీపులో గుచ్చుకుంది. కావాలంటే మచ్చ చూడు."

సెలూనాయన నమ్మాడో, ఆశపడ్డాడో, డ్రిల్లు తీసి అందించబోయాడు. అప్పుడే కూరగాయల సంచితో గుమ్మంలోకి వచ్చింది బాబాయి భార్య.

"ముందుకెళ్ళిన గీత వెనక నుంచి వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"అయితే ఎక్కడో వంగిందన్నమాటే. మన వంటగది షెల్ఫూ అంతేగా. రెండు మేకులూ మీ చేత్తో కొట్టినవే. గిన్నె ఏ మూల పెట్టినా జారి కిటికీ వైపుకే చేరుతుంది."

దర్జీ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. బాబాయి నురగలోంచి గంభీరంగా చూశాడు.

"ఆ షెల్ఫు వంగలేదే, వాలిందంతే. ఇప్పటికీ అది సరళరేఖే."

"నా సీసాలకి వాలు సున్నా ఉండాలి బాబాయ్," అని సెలూనాయన డ్రిల్లు సొరుగులో పెట్టేసి, కత్తి తీశాడు. "పిన్నీ, కూర్చో. ఆ గడ్డం పని నేను చూస్తాను."