మార్గరిన్ డబ్బా

కొలోన్‌లో వారం రోజులకు అద్దెకు తీసుకున్న మూడో అంతస్తు ఫ్లాటు. గురువారం సాయంత్రం ఆరుకు పది నిమిషాలు. వంటగదిలో జయసాగర్, భార్య ఏసుకుమారి. పక్క గదిలో ఎనిమిదేళ్ళ కూతురు ఫెలిషా.

"మళ్ళీ ఫ్రిజ్ తెరిచారేంటండీ? ఇది నాలుగోసారి."

"ఏం లేదు కుమారీ. పెరుగు."

"పెరుగు మీ ముక్కు ముందే ఉంది."

"అది కాదు... ఇంకోటి."

"ఇంకో పెరుగా?"

"పెరుగు కాదు. మార్గరిన్. పసుపు డబ్బా. కింద అరలో, ఆవకాయ సీసా వెనకాల పెట్టాను."

"మీరు మార్గరిన్ తింటారా? పెళ్ళయి పదకొండేళ్ళయింది. అది బ్రెడ్డుకి రాస్తే మైనం తిన్నట్టుంటుందని మొహం తిప్పేసే మనిషి."

"ఇప్పుడు తినాలనిపించింది. తప్పా?"

"తప్పని ఎవరన్నారు? ఊరికే అడుగుతున్నా."

"డబ్బా చూశావా, లేదా?"

"ఏ డబ్బా?"

"పసుపుదని చెప్తుంటే!"

"అరవకండి. కింద ఇంటావిడ ఇప్పటికే తలుపుకి చీటీ అంటించి పోయింది, పిల్ల మెట్ల మీద పరిగెడుతోందని. ఇప్పుడు మొగుడు మార్గరిన్ కోసం అరుస్తున్నాడని ఇంకో చీటీ పెడుతుంది."

"కుమారీ, నవ్వులాట కాదు. ఎవరు తీశారు?"

"మమ్మీ! ఇష్ హాబ్ హుంగర్!"

"ఆకలైతే టేబుల్ మీద అరటిపండుంది, తిను ఫెలిషా. ప్రార్థన అయ్యాక అన్నం."

"ఫెలిషా, నువ్వేమైనా ఫ్రిజ్‌లోంచి పసుపు డబ్బా తీశావా అమ్మా?"

"నైన్ డాడీ. నాకు మార్గరిన్ ఇష్టం లేదు. నీకు కూడా ఇష్టం లేదు."

"చూశారా? పిల్లకి కూడా తెలుసు."

"టైమెంత?"

"చేతికి గడియారం పెట్టుకుని నన్నడుగుతారేంటి?"

"ఆరుకి ఏడు నిమిషాలు."

"అయితే? ఆరింటికి రైలేమైనా ఉందా? సోమవారం నుంచీ చూస్తున్నా. ఆరయ్యేసరికి మీకు స్నానం గుర్తొస్తుంది. బాత్రూంలోకి వెళ్తారు, గడియ పెడతారు. వచ్చాక తువ్వాలు పట్టుకుంటే పొడిగా ఉంటుంది."

"తువ్వాలు కూడా పట్టుకు చూస్తున్నావా?"

"ఉతికేదాన్ని నేనే కదా. పైగా లోపల్నుంచి స్స్, స్స్ అని శబ్దం. నిన్న గట్టిగానే వినపడింది."

"నీళ్ళు మరీ వేడిగా వచ్చాయి."

"తడవని తువ్వాలుకి వేడినీళ్ళా?"

"నువ్వు నర్సువా, పోలీసువా?"

"రెండింటికీ పెద్ద తేడా లేదులెండి. ఇద్దరికీ అబద్ధం చెప్పేవాళ్ళే ఎక్కువ. కూర్చోండి, అలా తిరగకండి. ఈ వంటగదిలో తిరగడానికి చోటెక్కడుంది?"

"కూర్చోలేను. నడుము."

"అదీ అడుగుదామనుకున్నా. నడుమెందుకు నొప్పి?"

"పరుపు మెత్తగా ఉంది."

"స్టుట్‌గార్ట్‌లో మనింట్లో పరుపు గట్టిగా ఉందని సణుగుడు. ఇక్కడ మెత్తగా ఉందని నొప్పి. నిన్న డోమ్ చర్చి టవర్ ఎక్కుదామని పిల్ల ఏడిస్తే తీసుకెళ్ళారు. ఐదొందల ముప్పైమూడు మెట్లు. ఎన్నెక్కారు?"

"డాడీ హుండెర్ట్ ఎక్కాడు! తర్వాత కూర్చున్నాడు! వెనకాల అందరూ ఆగిపోయారు మమ్మీ!"

"విన్నారా? వంద. కిందటేడు ఆల్ప్స్‌లో పిల్లని భుజం మీద ఎక్కించుకుని నడిచిన మనిషి."

"వయసొచ్చింది."

"ఏడాదిలో? పోనీ, మంగళవారం ఈతకి వెళ్ళాం. చొక్కా ఎందుకు విప్పలేదు?"

"చలి."

"ఆగస్టులో! అక్కడున్న డెబ్బై ఏళ్ళ తాతలంతా చెడ్డీల మీద ఉంటే మీరొక్కరే చొక్కా బొత్తాం పైదాకా పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు, చర్చి కమిటీ మీటింగుకి వచ్చినట్టు."

"కుమారీ, దయచేసి... ఆ డబ్బా తీసింది నువ్వేనా?"

"మీ ఆఫీసువాళ్ళు ఇటలీ వెళ్ళారు. పక్కింటి ఊర్మిళావాళ్ళు హాలండ్ సముద్రానికి వెళ్ళారు. మీరేమో, కుమారీ, ఈసారి హాయిగా కొలోన్‌లో ఒక ఫ్లాటు తీసుకుందాం, వంట చేసుకుందాం, ఎక్కడికీ పరిగెత్తొద్దు, రెస్టు తీసుకుందాం అన్నారు. నేను సరేనన్నాను. ఈ నాలుగు రోజుల్లో ఎవరు రెస్టు తీసుకున్నారు? మీరా, నేనా?"

"నీకు నచ్చలేదా ఇల్లు?"

"ఇల్లు బంగారంలా ఉంది. కిందే బేకరీ ఉంది. తలుపు తీస్తే బ్రెడ్డు వాసన. అయినా మీరు పొద్దున్న బ్రెడ్డు తేవడానికి గంటన్నర."

"క్యూ ఉంటోంది."

"క్యూ ఉంటే కింద బేకరీ కవరు ఉండాలి కదా. మీరు తెచ్చిన కవరు మీద వేరే వీధి పేరుంది. ట్రాము ఎక్కి ఏడు స్టాపులు. ఆ వీధిలో బేకరీ కంటే ముందు ఏం కనిపిస్తుందో మ్యాపులో చూశాను."

"మ్యాపు కూడా తీశావా?"

"చెప్పనా?"

"వద్దు."

"పెద్దాసుపత్రి."

"కుమారీ, ఆరుకి మూడు నిమిషాలుంది. డబ్బా ఇచ్చెయ్. నీకు దణ్ణం పెడతాను. తర్వాత ఎన్నైనా అడుగు."

"ఆరింటికి మనింట్లో ఏం చేస్తాం?"

"ఇప్పుడది కాదు..."

"ఏం చేస్తాం?"

"ప్రార్థన."

"ఫెలిషా! రా అమ్మా. ప్రార్థన. ఇవాళ డాడీ చేస్తారు."

"నువ్వే చెయ్యి. నాకు గొంతు..."

"సోమవారం గొంతు. మంగళవారం తలనొప్పి. నిన్న దగ్గు రాకుండానే దగ్గారు. మూడు రోజులుగా నేనే చేస్తున్నా, మీరు ఆమెన్ కూడా సగమే అంటున్నారు. పెళ్ళయిన కొత్తలో ఏమన్నారు మీరు? మనుషుల ముందు ఎన్నైనా కోస్తాను గానీ కళ్ళు మూసుకున్నాక అబద్ధం రాదు కుమారీ అన్నారా, లేదా?"

"అన్నాను."

"అందుకే తప్పించుకుంటున్నారు. కూర్చోండి. ప్రార్థన అయ్యాక డబ్బా సంగతి."

"అంటే నీ దగ్గరే ఉందన్నమాట."

"కళ్ళు మూసుకోండి."

"పారేయలేదు కదా? అది మాత్రం చెప్పు. పారేశావా?"

"ఫెలిషా, చేతులు జోడించు. అరటితొక్క కింద పెట్టు."

"మమ్మీ, నేను ఫస్ట్ చెయ్యనా? చిన్నది?"

"చెయ్యి."

"యేసయ్యా, థాంక్యూ ఫర్ ఐస్‌క్రీం. రేపు కూడా ఇవ్వు. కింద ఆంటీకి కోపం తగ్గించు. డాడీ నడుము గెసుంట్ చెయ్యి. ఆమెన్. అంటే బాగు చెయ్యమని."

"ఆమెన్. ఊ, మీరు."

"ప్రేమగల తండ్రీ... ఈ సాయంకాలం నీ పాదాల దగ్గరకు వచ్చాం. నీకు స్తోత్రం. మమ్మల్ని క్షేమంగా ఈ ఊరు తీసుకొచ్చావు, స్తోత్రం. ఈ ఇల్లు ఇచ్చావు, స్తోత్రం. ఈ వారం విశ్రాంతిగా... విశ్రాంతిగా..."

"ఆగకండి."

"విశ్రాంతి కోసం రాలేదు తండ్రీ. నేను అబద్ధం చెప్పాను. నా భార్యకి చెప్పాను, బిడ్డకి చెప్పాను. కిందటి నెల ఆఫీసు పనని చెప్పి వచ్చింది కూడా ఇక్కడికే, రక్తం కుదురుతుందో లేదో పరీక్ష చేయించుకోవడానికి. కుదిరింది. ప్రభువా, నా తమ్ముడు క్రిస్... ఆ ఆసుపత్రిలో ఉన్నాడు. వాడికి బ్లడ్ క్యాన్సర్. వాడి ఒంట్లో రక్తం పుట్టించే మంచీ చెడూ అన్ని కణాలూ మందులతో చంపేశారు. ఇప్పుడు వాడి దగ్గర ఏమీ లేదు. రేపు పొద్దున ఎనిమిదింటికి నా రక్తంలోంచి కొత్త కణాలు తీసి వాడికి ఎక్కించాలి. అవి తయారవ్వాలంటే నేను పూటకో సూది వేసుకోవాలి. ఇంకా రెండున్నాయి తండ్రీ. ఇప్పుడొకటి, రేపు పొద్దున ఒకటి. అవి కనపడ్డం లేదు. వాడు నా భార్య ఇంటివాళ్ళకి చేసింది నీకు తెలుసు. ఆమె కోపం న్యాయం. కానీ వాణ్ణి బతకనివ్వు. ఆమె మనసు... ఆమె మనసు నీ చేతిలో పెడుతున్నాను. యేసు నామమున, ఆమెన్."

"డాడీకి తమ్ముడున్నాడా? ఎఖ్త్? నిజంగానా?"

"ఉన్నాడమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఫెలిషా, బాల్కనీలోకి వెళ్ళి ట్రాములు లెక్కపెట్టు. ఇరవై వచ్చాక రా."

"మమ్మీ, ఇరవై అంటే చాలాసేపు!"

"పది వచ్చాక రా. తలుపు వేసి వెళ్ళు."

"కుమారీ..."

"మాట్లాడకండి. ఒక్క నిమిషం."

"ఆరు దాటింది."

"చర్చి గంటలు నాకూ వినపడ్డాయి. మీ తమ్ముడు నా చెల్లెలికి చేసింది గుర్తుందా?"

"ఉంది."

"నాకు చెప్పండి, గుర్తుంటే."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"సూజీతో నిశ్చితార్థం అయింది. నర్సాపురంలో కార్డులు పంచాం. పెళ్ళి వారం ఉందనగా క్రిస్ జర్మనీలో క్లాస్తాల్ నుంచి మెసేజ్ పెట్టాడు, రానని."

"ఫోన్ కూడా కాదు. మెసేజ్. మూడు ఆదివారాలు మా చర్చిలో ప్రకటన చదివారండీ. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాస్టరుగారు మూడుసార్లు అడిగారు. ఊళ్ళో ఒక్కరికీ లేదు. పెళ్ళికొడుక్కే ఉందని నాలుగో ఆదివారం తెలిసింది. మా సూజీ ఏడాదిపాటు ఆ చర్చి గడప తొక్కలేదు. మా నాన్న వెనక బెంచీలోకి మారిపోయారు, ఎవరి మొహమూ చూడకుండా."

"వాడిది తప్పే. ఇంకో అమ్మాయి ఉందని చెప్పే ధైర్యం లేక పారిపోయాడు. ఆ అమ్మాయి కూడా నిలవలేదు. జబ్బు తెలిశాక ఆరు నెలలు ఒంటరిగా ఉన్నాడు. నాకు కూడా వాడు చెప్పలేదు, డాక్టరు తోబుట్టువులెవరని అడిగితే తప్పక ఫోన్ చేశాడు."

"నన్నెందుకు అడగలేదు మీరు?"

"ఆ పేరు ఈ ఇంట్లో వినపడితే పిల్లని తీసుకుని వెళ్ళిపోతానన్నావు. ఆరేళ్ళ క్రితం, బైబిలు మీద చెయ్యి పెట్టి."

"అన్నాను. అయితే మాత్రం? మార్గరిన్ డబ్బాలో సూదులా? నర్సు పెళ్ళాం దగ్గర?"

"ఎప్పుడు చూశావు?"

"సోమవారమే. పిల్లకి జున్ను తీస్తుంటే డబ్బా గలగల్లాడింది. మార్గరిన్ గలగల్లాడుతుందా? తెరిచి చూశాను, మూత పెట్టేశాను. ఆ రాత్రి నాకు నిద్ర ఉందనుకున్నారా? ఆ మందు ఎవరికి ఇస్తారో నాకు తెలుసు. కీమో చేసినవాళ్ళకిస్తారు. మీ జుట్టు చూస్తూ పడుకున్నాను. దిండు మీద వెంట్రుకలు వెతికాను. మీకే వచ్చింది, చెప్పలేక ఆఖరిసారి పిల్లతో గడపడానికి తీసుకొచ్చారు అనుకున్నాను."

"అయ్యో కుమారీ..."

"ముట్టుకోకండి. తెల్లారాక బుర్ర పనిచేసింది. కీమో లేదు, నీరసం లేదు, ఆ సూదికి వచ్చే ఎముకల నొప్పి ఉంది. అంటే కణాలిచ్చే దాత. ఈ దేశంలో మీ రక్తం పంచుకున్నవాడు ఒక్కడే. ఆ తర్వాత మూడు రోజులు మీ నోటి నుంచి వస్తుందని చూశాను. టీ ఇచ్చి చూశాను. ప్రార్థన మీరు చేయండని చూశాను. ఎంత కదిలించినా నోరు విప్పలేదు."

"భయపడ్డాను."

"దేనికి?"

"నువ్వు ఆపేస్తావని."

"ఫ్రిజ్‌లో డబ్బా లేకపోయేసరికి ఏమనుకున్నారు? కళ్ళు మూసుకోకపోయినా సరే, నిజం చెప్పండి."

"పారేశావనుకున్నాను."

"పన్నెండేళ్ళుగా నర్సునండీ నేను. నా రంగు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్న ముసలాయన ఉండేవాడు మా వార్డులో. నా మొహాన ప్లేటు విసిరాడు. ఆయనకి కూడా ఒక్క పూట మందు ఆలస్యం చెయ్యలేదు. మీరు నా పక్కన పదకొండేళ్ళు పడుకుని, ఇదా తెలుసుకుంది?"

"తప్పే. ఏమన్నా పడతాను. కానీ ఆరూ ఐదయింది కుమారీ. వాడి మీద కోపం వాడు బతికాక తీర్చుకో. నా మీద కోపం ఇప్పుడే తీర్చుకో, కొట్టు. డబ్బా మాత్రం..."

"కోపం తీరదు. వాడు బతికినా తీరదు. వాడు నా గుమ్మం ఎక్కడానికి వీల్లేదు, నన్ను వదినా అని పిలవడానికి వీల్లేదు. అది మీకు ముందే చెబుతున్నా."

"సరే."

"రేపు వాడి గదిలోకి నన్ను రమ్మనకండి."

"సరే. అన్నిటికీ సరే. మరి డబ్బా ఫ్రిజ్‌లోంచి ఎందుకు తీశావు?"

"డబ్బా ఫ్రిజ్ తలుపు అరలోనే ఉంది, పాల ప్యాకెట్ వెనకాల. రేపటిది అందులో చల్లగానే ఉంది. తీసింది ఇప్పటిదొక్కటే."

"అదే, ఎందుకు?"

"ఫ్రిజ్‌లోంచి తీసిన మందు తీసినట్టే పొట్టలో పొడుచుకుంటే మండదా మరి? మూడు రోజులుగా బాత్రూంలో మీరు స్స్ అంటుంటే బయట నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. అరగంట ముందు బయట పెట్టాలండీ, ఏ నర్సునడిగినా చెబుతుంది. ఇదిగో, ఐదున్నర నుంచీ నా స్వెట్టర్ జేబులోనే ఉంది. చొక్కా పైకి తీయండి."