మా బావ దేవుడి మీద అలిగినప్పుడు

ఇదేంట్రా, ప్యాంటు నడుం దగ్గర బిగుతైందని నా దగ్గరికి తెచ్చావా? కళ్ళు ఆనక మిషను తొక్కడం మానేశానని తెలీదూ నీకు? సరే, ఇటివ్వు, చూద్దాం. ఊఁ, రెడీమేడు. వదులు చేద్దామంటే లోపల గుడ్డేదీ? కొసకంటా కోసి పారేశారు. మీ తాత ఉంటే దీన్ని కుట్టినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి మరీ తిట్టొచ్చేవాడు. నువ్వు ఆయన్ని చూడలేదులే, ఆయన పోయేనాటికి మీ నాన్నకే పెళ్ళి కాలేదు. మా అక్క మొగుడని చెప్పడం కాదుగానీ, అంత మొండి దర్జీ ఇంకోడు లేడు. ఏది కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదలాల్సిందే. వాళ్ళింట్లోనే ఉండి పని నేర్చుకునేవాణ్ణి నేను, దండగ కదా బావా అని గొణిగితే, మనిషన్నాక ఎప్పుడూ ఒకేలా ఉంటాడా, రేపు ఒళ్ళొస్తే విప్పుకోవద్దూ అనేవాడు.

అన్నిట్లోనూ అదే వరస ఆయనకి. ప్రార్థనలో కూడానూ. నవ్వుతావేంట్రా, నిజం. రోజూ పొద్దున్నే షాపు షట్టరు ఎత్తకముందు, గుడ్డ కత్తిరించే బల్ల పక్కన నేల మీద కూర్చునేవాడు. పెద్ద పెద్ద మాటలేం లేవు. ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినే తలుచుకుని చల్లగా చూడు స్వామీ అనడం, అంతే. మొదట మా అక్క, తర్వాత మీ నాన్న, తర్వాత నేను, ఆఖరికి కుళాయి దగ్గర మా అక్కతో రోజూ గొడవపడే ఎదురింటావిడ. షాపు వెనకే ఇల్లు కదా, ఆవిడ దాకా వచ్చేసరికి మా అక్క లోపల్నించి గిన్నె గట్టిగా పెట్టేది, దేవుడికి కూడా వినపడేట్టు.

నాకేమో ఇవేవీ పట్టేవి కావు. మరి నన్నే పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు చూడు. నాకు నమ్మకం లేదు బావా, వదిలెయ్ అంటే వినడే. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. వాళ్ళ నాన్న, అంటే మీ ముత్తాత, ఒక్కపూట మానకుండా ప్రార్థన చేసిన మనిషిట. కళ్ళముందే కొడుకు పోయాడు, మా బావకి అన్న. ఇక దేవుడి మీద అలిగి, పోయేదాకా మళ్ళీ నోరు తెరవలేదుట. ప్రార్థన పోయింది, దాంతో పాటు నవ్వూ పోయింది, ఇంట్లోవాళ్ళతో మాటా పోయింది. "నాలో ఉన్నదీ ఆ రక్తమే" అన్నాడు మా బావ. అది మాత్రం నిజం. టీలో చక్కెర తక్కువైతే మధ్యాహ్నం దాకా మూతి ముడుచుకునే మనిషి. "కష్టం వచ్చిన రోజున నేనూ అలుగుతాను. అప్పుడు నువ్వు మానకూడదు. తిట్టినా సరే, వచ్చి కూర్చుని చెప్పాలి." ఎవరన్నా భక్తి ఉన్నవాణ్ణి చూసుకోరాదూ అన్నాను. "వాడైతే నాతో పాటే అలుగుతాడు. నీకు దేవుడితో గొడవేముంది?" అన్నాడు. కూర్చున్నాను. కూర్చోగా కూర్చోగా పాఠం ఒప్పజెప్పినట్టు నోటికి వచ్చేసింది.

ఆ తర్వాత మా అక్క పోయింది. జ్వరమే కదా అనుకున్నాం. ఏం చేస్తాం. మీ నాన్నని అప్పటికింకా బళ్ళో కూడా వెయ్యలేదు. బావ అన్నంత పనీ చేశాడు. మంచమ్మీద మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. షాపు నేను తీసేవాణ్ణి, పిల్లాడికి అన్నం నేను పెట్టేవాణ్ణి. మాటిచ్చాను కదాని పొద్దున్నే ఆయన మంచం పక్కనే కూర్చుని చెప్పేవాణ్ణి. మొదటి రోజు గ్లాసు విసిరాడు. తర్వాత తిట్టాడు. తర్వాత అదీ మానేశాడు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. వాళ్ళ నాన్న కూడా ఇలాగే మొదలెట్టి ఉంటాడనిపించేది. పిల్లాడు గుమ్మం దగ్గర నిలబడి నాన్నా అని పిలిచినా ఇటు తిరిగేవాడు కాదురా. నాకు మాత్రం బాధ లేదా? పోయింది నా అక్క. అయినా ఆవిడ పేరు వదిలేసి, మీ నాన్నతో మొదలెట్టి, గబగబా ముగించి షాపుకి పోయేవాణ్ణి.

ఒకరోజు పొద్దున, ఏ ధ్యాసలో ఉన్నానో, అలవాటు కొద్దీ మొదట్నించీ వచ్చేసింది. మా అక్కని చల్లగా చూడు స్వామీ అనేశాను. అని, అక్కడే ఆగిపోయాను. పోయిన మనిషిని చూడమని అడిగానే అని ఒక సిగ్గు, లోపల్నించి తన్నుకొచ్చే ఏడుపు. బావ ఇప్పుడు లేచి కొడతాడనుకున్నాను. తలొంచుకుని కూర్చున్నాను. అప్పుడు గోడవైపు నుంచి, ఎన్నాళ్ళుగానో వాడని గొంతు కదా, బొంగురుగా, "ఆపావేం? అక్కడ మాత్రం చల్లగా చూడొద్దూ దాన్ని?" అన్నాడు. అని, నేను చెప్పలేకపోతున్నానని చూసి, ఆయనే అందుకున్నాడు. "నా కొడుకుని చల్లగా చూడు. ఇదిగో, ఈ ఏడుస్తున్నవాణ్ణి చల్లగా చూడు..."

నన్నేరా.

ఊఁ. ఏంటలా చూస్తావు? లే, లేచి వంటింట్లో పాలున్నాయేమో చూడు.