ఇంజన్ల యాపాకు

జగిత్యాలలో మిస్త్రి వీరేందర్ షెడ్డు. పాత అంబాసిడర్ ఇంజన్ విప్పి బల్ల మీద పెట్టి ఉంది. కారు యజమాని సురేందర్ మెట్‌పల్లి నుంచి తల్లి అంజవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు.

“మల్ల అను సురేందర్. వాట్సాప్‌ల పాత బండ్ల గ్రూపుల ఏమని పెట్టినవో, గదే మాట నా మొకం మీద అను.”

“అంట. నాకేం భయమా? వీరేందర్ మిస్త్రి కొత్తగ చేసిన ఇంజన్ మెట్‌పల్లి నుంచి పోయి కోరుట్ల దాటంగనే పేలింది అన్న. అబద్ధమా?”

“పదేండ్లు దుబాయ్‌ల ఉండి వచ్చినవ్, ఇంజన్ అంటే ఏందో తెలువకపాయె.”

“నాకు తెలువదనే నీకిచ్చిన. తెల్సినోడు ఏం జేసిండో బల్ల మీదున్నది సూడు! బ్లాక్‌కు నా పిడికిలి పట్టేంత బొక్క. మా నాయిన టాక్సీ తోలిన బండి గది. మెట్‌పల్లిల పెండ్లి చేసుకున్న సిరిసిల్లోళ్లు ఫోటోల కోసమని ముచ్చటపడి అడిగిండ్రు. పిల్ల, పిలగాడు దండలేసుకోని ఎనుక సీట్ల కూసున్నరు. ఢమాల్ అన్నది. గా దండలతోనే దిగి ఆటో ఎక్కిండ్రు. రోడ్డు మీద జనమంత నవ్వుకుంట వీడియోలు తీసిండ్రు.”

“వీరేందర్ కొడుకా, గా దినం పొద్దుగాల…”

“ఆగు పెద్దమ్మా. ఇంజన్ ముచ్చట నడుస్తున్నది. వంట ముచ్చట గాదు.”

“నువ్వు కూసో అవ్వా. నేను మాట్లాడుతున్న గద.”

“సురేందర్, ఫోన్ తియ్యి. గ్రూపోళ్లందరికి వీడియో కాల్ పెట్టు. నీ ఒక్క మెసేజ్‌కు నా తాన ఇచ్చిన బండ్లన్ని ఎనక్కి గుంజుకపోతుండ్రు. తప్పు నా పనిల ఉంటే బయటి బోర్డు ఇప్పుడే దించుత, జన్మల పానా ముట్ట. తప్పు నీదైతే, అందరు సూస్తుండంగ రెండు చేతులు జోడించి మాఫీ అడుగాలె.”

“పెట్టిన. అందరు సూస్తుండ్రు. ఇగ చెప్పు, ఏం చెప్తవో.”

“మొదలు గీ రాడ్డు సూపెట్టు. విరిగింది. దీని నట్లు నేను యాడ బిగించిన్నో గాన్నే ఉన్నయ్. లూజ్ ఉంటే ఊడేది, విరిగేది గాదు.”

“అయితే డూప్లికేట్ రాడ్డు ఏసినవ్.”

“డూప్లికేట్ నీ తెలివి. గీ బేరింగ్ సూడు. కాలి నల్లగై షాఫ్ట్‌కు అతుక్కున్నది. దీనికి ఆయిల్ అందలే. ఆయిల్ అందక పట్టేసింది, పట్టేస్తే రాడ్డు విరిగింది, విరిగిన రాడ్డు పోయి బ్లాక్‌ను పొడిచింది. అర్థమయిందా, లేకుంటే అరబ్బీల చెప్పాల్నా?”

“ఆయిల్ పోసింది నువ్వే గద? తక్కువ పోసినవ్.”

“తక్కువనా? కిందికెల్లి తీసిన ఆయిల్ గీ డబ్బల ఉన్నది. పోసినదానికంటె ఎక్కువ ఉన్నది.”

“తెల్లగున్నదేంది? మజ్జిగ తీరు! ఆఁ, నీళ్లు కలిసినయ్ దీంట్ల. యూట్యూబ్‌ల సూసిన నేను. గ్యాస్కెట్ పోతే రేడియేటర్ నీళ్లు ఆయిల్ల కలిసి గిట్లనే అయితదట. గ్యాస్కెట్ ఏసిందెవరు? దొరికినవ్ గద మిస్త్రీ!”

“వచ్చిండమ్మ యూట్యూబ్ ఇంజనీరు! రేడియేటర్ నీళ్లు నీ ముందట్నే బకెట్ల దించిన. ఎన్ని వచ్చినయ్?”

“వచ్చినయ్.”

“ఎన్ని? గట్టిగ చెప్పు, గ్రూపోళ్లకు వినబడాలె.”

“పోసినన్ని వచ్చినయ్.”

“గ్యాస్కెట్ పోతే గవి తగ్గాలె గద. గిదిగో గ్యాస్కెట్, యాడన్న కాలిందా? యాడన్న చినిగిందా? మరి ఇంజన్లకు నీళ్లు యాడికెల్లి వచ్చినయ్?”

“ఉత్త నీళ్లు గావు కొడుకా, గవి…”

“పెద్దమ్మా, దండం పెడ్త. దినాం నా ఫోన్‌కు గిదే లొల్లి. నీళ్లు యాడ పొయ్యాలె, ఆయిల్ యాడ పొయ్యాలె, పోరగాండ్ల కాంచి ముసలోళ్ల దాంక. సగం మాట గూడ వినను. మూత తీసి నిండ పొయ్యుండ్రి అని పెట్టేస్త. అందరి మాట వింటు కూసుంటే షెడ్డు నడుస్తదా?”

“గదే కొడుకా, నేను గూడ…”

“అవ్వా! సప్పుడు జెయ్యకు.”

“ఇగ గిది సూపెట్టు సురేందర్. ఆయిల్ పీల్చే జాలి. మొత్తం మూసుకపోయింది. గీ బంక సూడు, గోరుతోని గీకితె గూడ రాదు. ఆగు… గిదేంది? ఆకు.”

“ఆకా?”

“యాపాకు.”

“ఆహా! గ్రూపోళ్లు సూడుండ్రి, మంచిగ సూడుండ్రి! గిది షెడ్డు, గిది షెడ్డు ముందట యాపచెట్టు. దాని కిందనే ఇప్పుతడు, దాని కిందనే బిగిస్తడు. ఆకులు రాలి ఇంజన్ల పడ్డా సోయి లేదు. పెద్ద మిస్త్రి! ఇంజన్ సంగతి తర్వాత, ముందుగాల వాకిలి ఊడ్సుకునుడు నేర్చుకో!”

“మస్తు నవ్వినవ్. యాపాకు నా చెట్టుదే అనుకో. గీ బంక వాసన సూడు.”

“సూడ. ఆయిల్ వాసన వస్తది.”

“సూడు అంటున్న.”

“…తియ్యటి వాసన.”

“బెల్లం. మాడిన బెల్లం. నా షెడ్డు ముందట బెల్లం చెట్టు గూడ ఉన్నదా?”

“నాకేం ఎరుక?”

“బెల్లం నీళ్లు, యాపాకు, గీ అంచుకు పసుపు. ఓరి దేవుడా! గిది సాక. పోచమ్మ ముందట పోసే సాక తీస్కపోయి ఇంజన్ల పోసిండ్రు!”

“నేను పొయ్యలే. పోచమ్మ తోడు.”

“మరి పోచమ్మనే వచ్చి పోసిందా?”

“నేనే పోసిన కొడుకా.”

“విన్నరా? గ్రూపోళ్లు అందరు విన్నరా? దుమ్ము పడకుంట గుడ్డ కప్పుకుంట కప్పుకుంట చేసిన ఇంజన్‌ను గీ తల్లి బెల్లం పానకంల ముంచింది! గీ కొడుకేమో నా పేరు బజార్లకు ఈడ్చిండు. ఎత్తు సురేందర్, చేతులెత్తు. ఇంక పైకి. ఫోన్ల కనవడాలె.”

“…మాఫీ. వీరేందరన్న పనిల తప్పు లేదు. తప్పు మా ఇంటిది.”

“ఇంటిది గాదు. మా అవ్వది అను.”

“మా అవ్వది. నా ఇజ్జత్ తీస్తివి గదనే అవ్వా! నాయిన టాక్సీ తోలినన్ని దినాలు సాక పోసింది నువ్వే. ముందటి టైర్ల మీద పొయ్యాలె అని నీకు తెలువదా? ఇంజన్ల పొయ్యమని ఎవడు చెప్పిండే నీకు?”

“ఎందుకు తెలువదు కొడుకా, టైర్ల మీదనే పోస్తుంటి. గీ పారి ఇంజన్ కొత్తగ చేసిండ్రు, మిస్త్రినొక్క మాట అడిగితె మంచిదని గా దినం పొద్దుగాల కోడలి ఫోన్ తోని గీ వీరేందర్‌కే చేసిన. ‘బండి తానికి సాక తెచ్చిన, యాడ పొయ్యాలె’ అని నేను ఇంక అంటనే ఉన్న, ‘మీద పెద్ద మూత తీసి నిండ పొయ్యవ్వా, తలకాయ తినకు’ అని పెట్టేసిండు. గంత పెద్ద మిస్త్రి తెలువక చెప్తడా అని, చెంబు పోస్తె నిండకపాయె, మల్లొక చెంబు కలిపి పోసిన. గా ఫోన్ బంద్ చెయ్యకు సురేందర్, బోర్డు దించేది గూడ అందరు సూడాలె.”