సీసా మీద పేరు

సాయంత్రంలోగా రియాక్టర్ కడగాలి, హైడ్రోజన్ సిలిండర్ మార్చాలి, తోటి పరిశోధకుడు తపీవా అలమర ఖాళీ చేయాలి. దక్షిణాఫ్రికా డర్బన్‌లోని ఆ ల్యాబ్‌లో పరిశోధక విద్యార్థిని మొదటి రెండూ చేసి, మూడోదాని దగ్గర ఆగిపోయింది. అప్పుడే ప్రొఫెసర్ వచ్చాడు.

“పేపర్ పంపేద్దాం తల్లీ. మొదటి పేరు నీదే.”

“తపీవా పేరేది, ప్రొఫ్?”

“వాణ్ణి పోలీసులు జింబాబ్వే బస్సెక్కించారుగా.”

“మన ప్లాటినం ఉత్ప్రేరకం హైడ్రోజన్‌ను అణువులో కనబడ్డ చోటల్లా అంటించేది. దాని కింద ఉండే టైటానియా పొడిలో ఇనుము కలిపాకే, కోరిన చోట అంటించి ఆగుతోంది. కలిపింది అతనేగా?”

“ఈ దేశంలో ఉండే పర్మిట్ అయిపోయాక కలిపాడు. పేరు వేస్తే, దొంగచాటుగా పని చేయించుకున్నామని మనమే చాటింపు వేసుకున్నట్టు.”

“చేయించుకున్నాం కదా!”

“చేయించుకున్నాం. అయితే ల్యాబ్ మూయించమంటావా? మీ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నువ్వొక్కదానివే అన్నావు. ఆ డిగ్రీ వద్దా?”

ఆమె అలమరలోంచి ఆ ఇనుము కలిపిన పొడి సీసా తీసింది.

“అతని ఇనుము పనికొచ్చింది, పేరే తుప్పు పట్టిందన్నమాట.”

“అలాగే అనుకో. సీసా మీద చీటీ మార్చు.”

ఆమె తపీవా పేరున్న చీటీని గోటితో గీకేసి, తన పేరు అంటించింది.

అచ్చులో అతని పేరు ఉండదు. చదివిన మీరైనా గుర్తుంచుకోండి: ఇనుము కలిపింది తపీవా.