గడ్డను బెదరగొట్టిన ట్రాలీ అన్న

ఆసుపత్రి వెనక టీ బడ్డీ దగ్గర ట్రాలీ అన్న నోరు విప్పాడంటే గ్లాసులో టీ చల్లారాల్సిందే. పేషెంట్లను ట్రాలీ మీద తోసుకెళ్లడం అతని ఉద్యోగం, కోతలు కోయడం అతని వ్యసనం. ఆ రోజు వినేవాళ్లు ముగ్గురే: టీ కాచే అక్క, గేటు దగ్గర కాపలా తాత, బెంచీ చివర ఒక దర్జీ. ఊపిరితిత్తిలో కనబడిన మచ్చ క్యాన్సరో కాదో తేల్చడానికి దర్జీ భార్యను అప్పుడే లోపలికి తీసుకెళ్లారు. పాపం, మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అన్న అతని పక్కనే చతికిలబడ్డాడు.

"భయపడకు తమ్ముడూ. ముక్కులోంచి గొట్టం ఊపిరితిత్తిలోకి పోతుందా, ఆ గొట్టంలోంచి సన్నటి తీగ. దాని కొసన గిరగిరా తిరిగే బుడిపె, లోపల్నించే స్కానింగు చేస్తుంది. బాగున్నచోట తెరంతా తెల్లటి చుక్కల జల్లు. గడ్డ తగిలిందా, నల్లగా కమ్ముతుంది. మొన్న ఆ తీగ చుట్ట విప్పి ఇచ్చిందెవరు? నేనే!"

"విప్పే ఉంటావులే," అంది అక్క.

"విను మరి. లోపల సందులు వందలు. డాక్టరమ్మ దారి తప్పింది. ఏసీలో చెమటలు! 'అమ్మా, మూడో సందులో కుడికి' అన్నాను. దొరికింది గడ్డ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను పక్కన లేకపోతే మిషను ఆన్ అవడం మానేసింది. ఒకరోజు తెరే పాడైంది. పేషెంటు వీపుకి చెవి ఆనించి, తీగ చప్పుడు విని, ఆవగింజంత గడ్డని పట్టేశాను!"

"ఆవగింజలో సగమేమో?" అన్నాడు తాత.

"సగమే! నువ్వూ చూశావా? ఇక నిన్నటి గడ్డ ఉందే, తెరలోంచి నన్ను చూసింది. జడుసుకుని ఈ ఊపిరితిత్తిలోంచి ఆ ఊపిరితిత్తిలోకి దూకింది, అక్కడా దారిలేక దగ్గులో బయటపడి కాళ్లబేరానికొచ్చింది! తొమ్మిది దేశాల డాక్టర్లు లేచి చప్పట్లు!"

అక్క పకపకా నవ్వింది. తాతకి పొలమారింది. దర్జీ మాత్రం లేచి నిలబడ్డాడు.

"నువ్వు లేకపోతే మిషను ఆన్ అవదన్నావు. లోపల మా ఆవిడుంది. నువ్విక్కడున్నావేం అన్నా?"

అన్న గ్లాసు కింద పెట్టి, మెడ రుద్దుకున్నాడు.

"నా ట్రాలీ ఆ తలుపు దాకే తమ్ముడూ. లోపలి సంగతులన్నీ విన్నవే. తలుపు మూసేముందు మీ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. 'మా ఆయన ఒక్కడే కూర్చుని కుమిలిపోతాడు, కాస్త కబుర్లలో పెట్టన్నా' అంది. నాకొచ్చిన కబుర్లు ఇవే మరి."