కాశీనాథ్ సేటు అదలుబదలు

"అదేంది సేటూ, కుట్టుమిషనా?" అని అడిగిండు కొండన్న. అడగకపోతే మంచిగుండేది.

సిరొంచ బస్టాండు ముంగట రాజక్క చాయ్ హోటల్. పదకొండింటికి రావలసిన నాగ్‌పూర్ పోయే ఎస్టీ సర్కారు బస్సు పన్నెండైనా రాలే. బజార్ల జిరాక్సు దుకాణం నడిపే కాశీనాథ్ సేటు, చద్దరు చుట్టిన డబ్బాను ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు. కూసున్నడంటే ఏం కూసున్నడు, లేస్తడు, రోడ్డు దిక్కు చూస్తడు, మళ్ళ కూసుంటడు. కొండన్న రేగుంట రైతు, అహేరి పోవాలని అదే బస్సు కోసం ఎదురు చూస్తున్నడు.

"కుట్టుమిషన్ కాదే కొండన్నా. ముప్పై అయిదేండ్ల కిందటి మ్యాకింటోష్ కంప్యూటర్. తెర, పెట్టె అంత ఒక్కటే డబ్బా. ఇసొంటియి జమ చేసేటోళ్ళం దేశమంతా ఉన్నం, వాట్సాప్‌ల గ్రూపు ఉన్నది. ఒకల దగ్గర కీబోర్డు ఉంటది, ఒకల దగ్గర మెమరీ ఉంటది, అదలుబదలు చేసుకుంటం. నాగ్‌పూర్ల అభయ్ సాబ్ దగ్గర రంగుల తెరది ఉన్నది. ఇది ఇచ్చి అది తెస్త. బస్సు సప్పుడేనా అది?"

"లారీ," అన్నది రాజక్క.

"లారీయేనా. ఇగ విను. నేను చేసింది పెద్ద పనేం కాదు. దీనికి ఒక్క ఎంబీ మెమరీ ఉండె, నాలుగు చేసిన, అంతే. మెమరీ అంటే యాది. నీకు నాకు బుర్రల ఉన్నట్టు దీనికి దువ్వెనంత ముక్కల ఉంటది. ఒక పాత రేడియో ఇచ్చి నాలుగు ముక్కలు తెచ్చి పెట్టిన. మంచిగ నడిచింది. ఊకోవాలె కదా? ఊకోలే. హైదరాబాద్ల ఒకాయనకు నా గడియారం ఇచ్చి పదహారు ఎంబీలు తెచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?"

"ఉరుకుడు షురూ చేసింది! నేను 'క' కొడితే 'కాశీనాథ్' అని అదే రాసుడు. రెండు రోజులైనంక నేను చెయ్యి పెట్టకముందే రాసుడు. మీ రేగుంట పిలగాడే ఒకడు వచ్చిండు, సేటూ, లగ్గం పత్రిక కొట్టియ్యాలె, ఇంక పిల్ల దొరకలే, నమూనా చూపియ్యి అన్నడు. నేను మిషన్ చాలు చేసిన్నో లేదో, పత్రిక బయటికొచ్చింది. పిల్ల పేరు సింధూజ, నాగేపల్లి, ముహూర్తం పొద్దున తొమ్మిది పదహారు. వాడు పరేషాన్! నాగేపల్లి పోయి చూస్తే సింధూజ అని పిల్ల ఉన్నది, వాళ్ళమ్మ చాయ్ పెట్టి వీని కోసమే చూస్తున్నది."

"ఎవల పిలగాడు?" అన్నడు కొండన్న. "మా ఊళ్ళె నాకు ఎరుకలేని లగ్గం లేదు."

"ఇల్లరికం పోయిండు, నీకెట్ల ఎరుకైతది?" సేటు లేచి బయటికి పోయి, రోడ్డు చూసి, ఫోన్ తీసి చూసి, వాపసు వచ్చిండు. "ఆరు మాట్ల ఫోన్ చేసిండు అభయ్ సాబ్. బయలెల్లినవా, బయలెల్లినవా అని. ఏడిదాంక చెప్పిన, ఆఁ, ఉరుకుడు. అంత ఉరికితే కాగదా? పోయిన మే నెల, మన ఎండలు చెప్పాల్నా, దాని మీద దోసె పోసుకోవచ్చు. అప్పుడు రైసుమిల్లుల పాత ఫ్యాను ఉంటే, మూడు కీబోర్డులిచ్చి దాన్ని తెచ్చి ఎనుక బిగిచ్చిన. అమ్మో, ఆ సల్లదనం! బజారు మొత్తం స్వెట్టర్లు. ప్రాణహిత మీద మంచు. రాజక్క హోటల్ల చాయ్ గడ్డ కట్టింది, కొరుక్కొని తిన్నం."

"నా హోటల్లనా? ఎప్పుడు?"

"నువ్వు అప్పుడు పుట్టింటికి పోయినవ్."

రాజక్క గంటెతోటి పాలు కలుపుకుంట నవ్వింది. "పోయిన, పోయిన. చెప్పు."

"ఇగ అందరు మెమరీ పంపుడు షురూ చేసిండ్రు. పుణె నుంచి, బెంగుళూర్ నుంచి. ఎంత పెట్టినా పడుతున్నది. యాది ఎక్కువైతే బరువు ఎక్కువైతది కదా? బల్ల కాళ్ళు భూమిల దిగినయ్. తహసీల్ కచేరిల పోయిన భూముల కాయితాలన్ని దీనికి యాదికున్నయ్, మా తాత ఎవలెవల పొలంల కందికాయ తెంపిండో గూడ చెప్పబట్టింది. ఇంట్ల ఉంచేటట్టు లేదని లారీల ఎక్కిచ్చిన. కమలాపూర్ దగ్గర రోడ్డుల కూరుకుపోయింది లారీ! అక్కడ సర్కారు ఏనుగులున్నయ్ కదా, నాలుగు ఏనుగులను తోలుకొచ్చిండ్రు. తోస్తలేవు. మావటి జంగు గోండి భాషల బతిలాడుతున్నడు, అయినా తోస్తలేవు. అప్పుడు ఎవరు మాట్లాడిండ్రో ఎరుకేనా?"

"మిషనేనా?" అన్నడు కొండన్న.

"మిషనే! గోండిల, జర తొయ్యి తల్లీ అన్నది. ముసలి ఏనుగు తొండం లేపి దండం పెట్టి, ఒక్క తోపు. లారీ పోయి పోయి సిరొంచ బజార్ల నా దుకాణం ముంగటనే ఆగింది."

"గంత బరువున్నది నీ ఒళ్ళెకెట్ల వచ్చింది?"

"పొద్దున సగం మెమరీ తీసి ఇంట్ల పెట్టొచ్చిన."

కొండన్న తలకాయ గోక్కున్నడు. ఆయనకు నవ్వు రాలే. ఆయన లెక్క చూసుకుంటున్నడు.

"అన్ని మంచిగనే ఉన్నయ్ సేటూ. మరి గిసొంటి మిషన్‌ను ఇచ్చి, ఉత్త రంగుల తెర తెచ్చుకునుడేంది? లగ్గాలు చేస్తది, ఎండల మంచు కురిపిస్తది, ఏనుగులతోటి మాట్లాడతది. నేనైతే ఇయ్య. నువ్వెందుకు ఇస్తున్నవ్?"

కాశీనాథ్ చద్దరు మూట మీద చెయ్యేసిండు.

"అదే నాకు గూడ సమజైతలేదు కొండన్నా. ఇది తెచ్చినప్పుడు సచ్చి ఉండె," అన్నడు మెల్లగ. "చంద్రపూర్ల ప్రతిభ మేడమని గ్రూపు మనిషే, ఆమె ఫోన్ల చెప్పుకుంట పోయింది. నేను ఇంట్ల కూసొని, లోపలి బోర్డు మీద పాడైన ముక్కలు ఒక్కొక్కటి సోల్డర్ కడ్డీతోటి కాల్చి తీసి కొత్తయి అతికిచ్చిన. నాలుగు నెలలు పట్టింది. నా దుకాణంల జిరాక్సు ఆగితే మంచిర్యాల నుంచి మనిషి రావాలె. నా చేత్తోటి బాగైన వస్తువు, పుట్టినప్పటి సంది, ఇదొక్కటే."

రాజక్క పకపక నవ్వింది. "కాశన్నా, చాయ్ గడ్డ కట్టిందంటే నమ్మిన. ఏనుగు దండం పెట్టిందంటే నమ్మిన. నువ్వు బాగు చేసినవంటే మాత్రం నమ్మ! మొన్న గీ బల్బు మార్చుమంటే స్టూలు ఎక్కి, చూసి, దిగినవ్!"

కొండన్న గూడ నవ్విండు, ఈసారి గట్టిగనే. ఇంతసేపు అబద్ధాలు చెప్తుంటే తాకని నవ్వు సేటుకు ఇప్పుడు తాకింది. మొహం చిన్నగైంది.

అప్పుడే బస్సు వచ్చింది. కండక్టర్ దిగి "అహేరి, చంద్రపూర్, నాగ్‌పూర్!" అని మొత్తుకున్నడు. కొండన్న సంచి అందుకున్నడు. కాశీనాథ్ లేచిండు, కానీ బస్సు దిక్కు పోలే. మూటను బల్ల మీద పెట్టి ముడి ఇప్పుతున్నడు.

"రాజక్కా, ఫ్రిజ్ వైరు తియ్యి."

"పాలు ఇరుగుతయ్."

"తియ్యవే అక్కా, నీకు దండం పెడత!"

పసుపు పచ్చగ ముదిరిన డబ్బా, మొహాన చిన్న తెర. సేటు వైరు పెట్టి ఎనుక మీట నొక్కిండు. ఏం కాలే. బయట కండక్టర్ రెండు మాట్ల బెల్లు కొట్టిండు. కొండన్న గడప మీద నిలబడ్డడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. సేటు వైరు గుంజి మళ్ళ పెట్టి, మీట ఇంకోసారి నొక్కిండు.

టంగ్ అని సప్పుడైంది. నల్ల తెర తెల్లబడ్డది. నడుమ బొటనవేలి గోరంత కంప్యూటర్ బొమ్మ, దానికి కండ్లు, మూతి. నవ్వుతున్నది.

"ఓయ్!" అన్నది రాజక్క, చేతులు కొంగుకు తుడుచుకొని దగ్గరికి వంగి. "నిజంగనే బతికిచ్చినవా?"

కొండన్న సంచి కింద పెట్టి బల్ల దగ్గరికి వచ్చిండు. "ఆ ముక్కలు ఏడున్నయ్ సేటూ? నువ్వు అతికిచ్చినయ్?"

ఎనుక బస్సు కదిలింది. ఇద్దరి సీట్లు ఖాళీగ పోయినయ్, ఎవ్వరు మళ్ళి చూడలే.

ఫోన్ మోగింది. కాశీనాథ్ ఎత్తిండు.

"అభయ్ సాబ్, బస్సు పోయింది."

అవతల ఏదో గట్టిగనే అన్నడు అభయ్. కాశీనాథ్ తెర మీదికెల్లి కండ్లు తియ్యకుంట విన్నడు.

"రేపటిది గూడ పోతది సాబ్," అన్నడు.