నాలుగో పీరియడ్‌లో కదిలిన సూది

ఏంటే చదువుతున్నావ్ అంత గట్టిగా? మళ్ళీ చెప్పు. తీగచుట్టలో అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందా? ఆఁ, పుడుతుంది. అలా చూస్తావేం, ముసల్దానికి ఇదెలా తెలుసనా? నాకు అక్షరమ్ముక్క రాదని మీ అమ్మ చెప్పే ఉంటుందిలే. నిజమే, రాదు. కానీ పదకొండేళ్ళు మనూరి బళ్ళో పొయ్యిలు రాజేసింది నేనే కదా. బొగ్గు బకెట్టు పట్టుకుని వెళ్ళి, పొయ్యి కెలుకుతున్నట్టు నటిస్తూ పాఠాలన్నీ వినేదాన్ని. ఎసెన్‌కుల్ మాస్టారు చెప్తుంటే మన గొర్రెలకి కూడా బుర్రకెక్కేది. "ఏం కలీపా, ఆ పొయ్యి ఇంకా అంటుకోలేదా?" అని నవ్వేవాడు. ఎప్పుడో అంటుకుందని ఆయనకీ తెలుసు. మంచి మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. మీ తాతలాగా గురకపెట్టే రకం కాదులే, ఆ సంగతి వేరే.

ఆయన పెళ్ళాం పేరు బూరుల్. పురిట్లో బిడ్డ పోయింది, దాంతో ఆవిడ నడుమూ పడిపోయింది. ఇక పరుపు దిగింది లేదు. ఇల్లేమో బడి వెనకాల, రెండొందల అడుగుల దూరం. మనూరికి అప్పటికి దీపాలే రాలేదు, ఇక పిలవడానికి కరెంటు గంట ఎక్కడిది? అప్పుడాయన ఏం చేశాడనుకున్నావ్, ఆవిడ పరుపు పక్కన ఒక రాగితీగ చుట్ట పెట్టాడు, చేతికి వేలెడంత అయస్కాంతం ఇచ్చాడు. చుట్ట రెండు కొసలకీ తీగలు కట్టి, కర్రలు పాతి, బడిదాకా లాగాడు. ఇక్కడ తన బల్లమీద ఇంకో చుట్ట, దాని మధ్యలో దిక్సూచి. అక్కడ ఆవిడ అయస్కాంతాన్ని చుట్టలోకి తోసి లాగితే ఇక్కడ సూది ఎగిరేది. "మాస్టారూ, బూరుల్ అక్క పిలుస్తోంది" అని పిల్లలంతా ఒకటే గోల. ఆయన సుద్దముక్క కింద పెట్టి, "బ్యాటరీ లేదు, మంత్రం లేదు, చూశారా? ఊరికే పట్టుకు కూర్చుంటే ఏమీ రాదు, కదపాలి" అని చెప్పి, ఆవిడకి మంచినీళ్ళిచ్చి వచ్చేవాడు.

ఆ చలికాలమే ఆవిడ పోయింది. ఒళ్ళు కడిగిన ఐదుగురు ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. కడిగినవాళ్ళకి పోయినవాళ్ళ బట్టలు ఇస్తారు కదా, వద్దంటే పోయినవాళ్ళని తోసిపుచ్చినట్టు. నాకు ఆవిడ పొడుగు కోటు వచ్చింది, ఉన్ని కూరి కుట్టింది. కాస్త బరువుగా ఉంటే, ఉన్ని దండిగా పెట్టారులే అనుకుని మర్నాటినుంచీ అదే వేసుకుని బడికెళ్ళాను. మాస్టారు నాలుగో రోజున పాఠాలు మొదలెట్టాడు. నేను బకెట్టుతో లోపలికి వెళ్ళగానే పిల్లలంతా బిగుసుకుపోయారు. చూస్తే బల్లమీద సూది తిరుగుతోంది. ఆయన దానివంక చూశాడు, నావంక చూశాడు, మళ్ళీ పాఠం అందుకున్నాడు. ఆ రోజునుంచీ ఇదే తంతు. బొగ్గుకొట్టులో పనిచేసుకుంటుంటే, ఆయన పాఠం మధ్యలో లేచి మంచులో ఇంటికి పరుగెత్తడం కిటికీలోంచి కనిపించేది. ఒక పిల్లయితే ముందు బల్లమీద కూర్చోనని ఏడుపు. బడి డైరెక్టరు ఆయన్ని పిలిచి, "సైన్సు చెప్పే మనిషివి, సిగ్గనిపించడం లేదా? సోమవారం పైనుంచి తనిఖీకి వస్తున్నారు. వాళ్ళముందు కూడా ఇలా పరుగెత్తావంటే ఉద్యోగం ఉండదు, నిన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు" అన్నాడు.

ఇదిలా ఉండగా ఒకరోజు ఇంట్లో కూర్చుని గుడ్డ కత్తిరిస్తున్నాను. కత్తెర ఒళ్ళో పెడితే, దానంతటదే జరిగి వెళ్ళి కోటు అంచుకి అతుక్కుంది. లాగితే రాదు. కుట్టు విప్పి చూస్తే ఏముంది, జేబు చిరిగి ఆవిడ అయస్కాంతం ఉన్నిలోకి జారిపోయి ఉంది. అంటే ఇన్నాళ్ళూ పిల్లల్ని హడలగొట్టింది నేనేనన్నమాట. వెంటనే చెప్పానా? చెప్పలేదు. సూది తిరిగిన రోజున ఆయన ఇంత తినేవాడు, ఇల్లు ఊడ్చుకునేవాడు. ఆ మాత్రం ఆశ కూడా నేనే లాక్కోవాలా అనిపించి, నాలుగు రోజులు కావాలనే ఆ కోటు వేసుకెళ్ళాను. కానీ సోమవారం దగ్గర పడుతోంది. మనిషిని ఆసుపత్రిలో పడేస్తారని భయమేసింది. శనివారం పిల్లలు వెళ్ళిపోయాక, ఏడుస్తూ సంగతంతా చెప్పి, ఆ అయస్కాంతం ఆయన చేతిలో పెట్టేశాను.

ఆయన కోప్పడలేదు. "నాకు ముందే తెలుసు కలీపా. అయస్కాంతం పక్కనుంటే సూది ఒక పక్కకి తిరిగి అలాగే ఉండిపోతుంది. నువ్వు గది దాటాక వెనక్కొస్తుంది. నువ్వు బొగ్గు తెచ్చేది మొదటి పీరియడ్‌లోనూ మూడో పీరియడ్‌లోనూ. అప్పుడెప్పుడైనా నేను లేచి వెళ్ళానా?" అన్నాడు. లేదు, వెళ్ళలేదు. "నేను వెళ్ళేది నాలుగో పీరియడ్‌లో. అప్పుడు ఇటొకసారి ఉలిక్కిపడుతుంది, అటొకసారి ఉలిక్కిపడుతుంది, ఆగిపోతుంది. అది తీగలోంచి వచ్చేది" అన్నాడు. అయస్కాంతం నా ఒంటిమీద ఉంటే, అక్కడ కదిపేదెవరు? ఆయన దాన్ని జేబులో వేసుకుని, "ఉత్త చేతులతో పాపం ఎన్నాళ్ళు పిలుస్తుంది, ఇది ఇచ్చేస్తాను" అంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

సోమవారం ఆయన బడికి రాలేదు. తనిఖీవాళ్ళు వచ్చేదాకా పిల్లల్ని చూడమని డైరెక్టరు నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టాడు. నేను నా పాత కోటే వేసుకున్నాను. నాలుగో పీరియడ్ మొదలైంది. సూది ఇటు ఉలిక్కిపడింది. అటు ఉలిక్కిపడింది. ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. మనిషి బాగానే ఉన్నాడు, ఇంట్లో కూర్చుని నన్ను ఆటపట్టిస్తున్నాడు, వెళ్ళి నాలుగు దులిపేస్తాను అనుకుంటూ పరుగెత్తాను. ఆదివారం పొద్దున కురిసిన మంచు గుమ్మం ముందు మోకాలెత్తున ఉంది, దానిమీద ఒక్క అడుగు జాడ లేదు. తలుపు తోశాను. ఆవిడ పరుపుమీద పడుకుని ఉన్నాడు. అయస్కాంతం గుప్పిట్లో ఉంది. ఆయన్ని కడిగిన మగవాళ్ళు చెప్పారు, ప్రాణం పోయి రెండు రోజులైందట. వేళ్ళు ఎంత లాగినా రాకపోతే దాంతోనే పూడ్చారు. నేనది ఇవ్వకపోతే ఇంకొన్నాళ్ళు బతికేవాడేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంతకీ ఆ సోమవారం నన్ను పిలిచింది ఆయనా, ఆవిడా?

ఏయ్, అలా గుడ్లప్పగించి చూడకు. లే, గొర్రెల్ని లోపలికి తోలు, మబ్బేస్తోంది.